గంజి తాగిన గోడలు

కోరంకిపేట పురపాలక ఇళ్ళలో అన్నం వార్చగానే మొదటి వాటా గోడది. గంజిలో బెల్లం ముక్క కలిపి, పాత పంచె గుడ్డ ముంచి, కింది నుంచి పైకి తడుపుకుంటూ పోతే, గోడ చప్పుడు చేస్తూ మరీ పీల్చుకునేది. ఏమైనా మిగిలితే పిల్లలకి. మిగలకపోతే పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు, గోడ ఊరుకోదు. దానికి ఆకలేస్తే ముందు పొడి రాలుతుంది, తర్వాత బీటిస్తుంది, ఆ తర్వాత శ్లాబు దిగుతుంది. ఆ కాలనీలో మాటలు నేర్చిన ప్రతి పిల్లకీ ఈ సంగతి తెలుసు.

ఇళ్ళు ఇచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఇలా చెప్పలేదు. రాష్ట్ర గృహ సంస్థ వాళ్ళు జీవసున్నంతో కట్టిన ఇళ్ళవి. కంటికి కనబడని జీవులు ఆ సున్నంలో బతుకుతుంటాయి. గోడ పగిలితే ఒంటి మీద గాయం మానినట్టు అదే పూడుకుంటుంది. సిమెంటు అక్కర్లేదు, మరమ్మతు అక్కర్లేదు, జీవులకి మేత పెడితే చాలు. ఆ మేత డ్రమ్ములు సంస్థే పంపుతుందన్నారు. రిబ్బన్లు కత్తిరించారు, లబ్ధిదారుల పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగారు.

కొన్నాళ్ళు డ్రమ్ములు వచ్చాయి. తర్వాత సగమే వచ్చాయి. ఆ తర్వాత సంస్థ అధిపతి త్రివిక్రమరావు ఊళ్ళ ఇంజినీర్లందర్నీ రాజధానికి పిలిపించి, చల్లటి హాల్లో కూర్చోబెట్టి, జీడిపప్పు పెట్టి మరీ చెప్పాడు.

"స్థానిక సంస్థల మీద మాకెంతో నమ్మకం. ఇకమీదట ఈ ఇళ్ళ బాధ్యత పూర్తిగా మీదే."

"మరి మేతండీ?" అని వెనక వరసలోంచి దమయంతి అడిగింది. కోరంకిపేట పురపాలక గృహ విభాగానికి ఆవిడ ఇంజినీరు. విభాగమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక రేకుల గది, ఆవిడ, సత్తిరాజు అనే తాపీమేస్త్రి, అంతే.

"మీ వనరులు మీరే వెతుక్కోవాలమ్మా. ప్రతిదానికీ పైకి చూస్తే ఎలా చెప్పు?"

హాలు హాలంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో చాలామంది ఊళ్ళలో అవే ఇళ్ళు, అవే గోడలు. అయినా నవ్వారు. పైవాడు నవ్వితే నవ్వకుండా ఉండటం మనవాళ్ళకి ఇంకా చేతకాలేదు.

వెతుక్కుంది దమయంతి. మేతకి బదులు గంజీ బెల్లమూ పనికొస్తాయని కనిపెట్టింది ఆవిడే. అతుకులకి కొత్త సున్నం కావాల్సొచ్చినప్పుడు సత్తిరాజు ఒక ఉపాయం చెప్పాడు.

"పెరుక్కి తోడేసినట్టే అమ్మగారండి. బతికున్న గోడలోంచి కాసింత గీకి మామూలు సున్నంలో కలిపితే తెల్లారేసరికి అదీ బతుకుద్ది. మంచి గోడ చూసుకోవాలి మరి. పుల్లటి తోడేస్తే పెరుగూ పులుపే కదండీ."

మంచి గోడ ఆవిడకి తెలుసు. రాజధానిలో కొండ మీద త్రివిక్రమరావు కట్టుకున్న మేడ జీవసున్నంతో లేచిన మొట్టమొదటి ఇల్లు. దాని పోర్టికో వంగితే చుట్టుపక్కల ఊళ్ళ ఇంజినీర్లని పిలిపించి ఊరికే పని చేయించుకున్నాడు. అలా వెట్టికి వెళ్ళిన రోజు, మధ్యాహ్నం భోజనం అయ్యాక, దమయంతి కడిగిన క్యారేజీ గిన్నెలో ఆ మేడ గోడ గీకి తెచ్చుకుంది. ఆ తోడుతోనే కోరంకిపేట బ్లాకులన్నీ అతికించారు. ఆ పని చేసినందుకు ఆవిడ చాలా రోజులు లోలోపల మురిసిపోయింది.

శివరాత్రి మర్నాడు ఏడో బ్లాకులో శ్లాబు దిగింది. కింద ఉన్నది హైమ, దమయంతి చెల్లెలు.

తల్లి పోయాక హైమని చంకనేసుకు పెంచింది దమయంతే. జడలు వేసింది, బడికి పంపింది, పెళ్ళి కుదిరేదాకా దగ్గర్లో ఉంటుందని ఆ బ్లాకులో ఇల్లు ఇప్పించింది. ఇటుకలు తొలగిస్తే హైమ గోడ పక్కనే ఉంది. చేతిలో గంజి గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

మూడో రోజున త్రివిక్రమరావు టీవీలో కనబడ్డాడు. ముఖం చాలా విచారంగా పెట్టుకున్నాడు. "స్థానిక నిర్వహణ లోపం. గోడలకి మేత సరిగ్గా పెట్టలేదు. బాధ్యురాలైన ఇంజినీరు మీద చర్య తీసుకుంటాం" అన్నాడు.

ఆ క్షణం నుంచి దమయంతికి కావలసింది ఒక్కటే. ఆ మనిషి ఇల్లు ఆ మనిషి నెత్తిన కూలాలి. న్యాయం గీయం ఆవిడకి అక్కర్లేదు. విచారణ సంఘం అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు. తిన్న ముద్ద గొంతు దిగాలన్నా ఆ మాట ఒకసారి మనసులో అనుకోవాల్సి వచ్చేది.

కానీ ఒక ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు. హైమ ఏ పూటా గోడకి గంజి మానలేదు. తను మానేసి గోడకి పెట్టిన పూటలున్నాయి. మరి ఆ గంజంతా ఎటు పోయింది?

కూలిన గోడలోంచి రెండు పెళ్ళలు సంచిలో వేసుకుని పాలిటెక్నిక్కు వెళ్ళింది. సుభద్రాదేవి గారు ఇంకా ఆ పాత ప్రయోగశాలలోనే ఉన్నారు. దమయంతికి చదువు చెప్పిన మేష్టారు ఆవిడ. జీవసున్నాన్ని మొదట పుట్టించింది కూడా ఆవిడే. పేరూ శాలువా సంస్థకి పోయాయి, కుక్కర్లూ గాజు పళ్ళాలూ ఈవిడకి మిగిలాయి.

సుభద్ర గారు పెళ్ళల్లోంచి గీకిన దాంతో రెండు చిన్న పలకలు పోశారు. ఒకదాన్ని ప్రయోగశాలలో పెట్టి దాని మీద రుబ్బురోలు ఎక్కించారు. రెండోదాన్ని దూరంగా, కాలేజీ గేటు దగ్గర గదిలో, ఏ బరువూ లేకుండా ఉంచారు. గంజి మాత్రం ఈ రెండోదానికే పెట్టమన్నారు.

"రోలు కింద ఉన్నది చచ్చిపోతుంది కదండీ, మేత లేక?" అంది దమయంతి.

"చూద్దాం."

మర్నాడు చూస్తే గంజి తాగిన పలక వేలితో నొక్కగానే పిండిలా రాలిపోయింది. రోలు కింది పలక పాలరాయిలా మెరుస్తోంది. ఇంకోసారి చేశారు, అదే జరిగింది. పలకల్ని ఊరికి ఆ కొసా ఈ కొసా పెట్టి చేశారు. అప్పుడూ అంతే.

"ఒక తోడుతో పుట్టినవి ఎంత దూరంలో ఉన్నా ఒకటే ఒళ్ళు దమయంతీ. బరువు మోసేది లాక్కుంటుంది, తేలిగ్గా ఉన్నది ఇచ్చేస్తుంది. ఎలా తెలుస్తుందంటావా, నన్నడక్కు. నాకు తెలీదు. అందుకే నేను డ్రమ్ముల్లో ఒక మందు కలిపేదాన్ని, ఏ ఇంటి గోడ ఆ ఇంటికే ఉండేలా. తోడు పెడితే ఆ మందు విరిగిపోతుంది."

దమయంతి లేచి వరండాలోకి వెళ్ళి, కొండ మేడ కాపలాదారు సన్యాసిరావుకి ఫోను చేసింది. పోర్టికో పని రోజుల్లో ఆవిడకి మజ్జిగ తెచ్చిచ్చిన మనిషి.

"మేడ మీద కొత్తగా ఏమైనా కట్టారా సన్యాసిరావూ?"

"కట్టారమ్మా. పైన ఇంకో అంతస్తేసి, దాని మీద ఈతకొలనెట్టారు. చెరువంతుంటాది. సివరాత్రి మర్నాడు నీళ్ళు నింపి పూజ సేసినారు. బాబుగారే ముందు దిగినారు."

ఫోను పెట్టేసి దమయంతి నవ్వింది. ఆ నవ్వు విని సుభద్ర గారు లోపల్నించి పరుగున వచ్చారు. కాలనీ పిల్లల నోటి ముందు గంజి లాక్కుని అతని కొలను మోసింది ఆ మేడ. నీళ్ళు నిండుతున్న కొద్దీ ఏడో బ్లాకు గోడ గుల్లయింది. హైమ అతని స్నానానికి చచ్చిపోయింది. అలా కలిపి పెట్టింది ఎవరి క్యారేజీ గిన్నో కూడా ఆవిడకి తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే కోపం తగ్గాల్సింది, తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"ఇటు బరువెక్కువైతే అటు నుంచి లాగొచ్చు కదా మేడం?"

సుభద్ర గారికి అర్థమైంది. "ఇంట్లో మనుషులుంటారు."

"మా ఇంట్లో మనిషి లేదా మేడం?"

ఆవిడ చాలాసేపు పలక పొడిని వేళ్ళతో నలుపుతూ కూర్చున్నారు. చివరికి, "ముందు అన్నిటికంటే తేలికైన గోడ ఇచ్చేస్తుంది. అది గుర్తు పెట్టుకో. ఈ తోడు ఇంకెక్కడైనా పెట్టారా?" అని అడిగారు.

"లేదండీ. మేమూ, వాడూ, అంతే."

ఎవర్నీ కనుక్కోకుండానే అంత గట్టిగా చెప్పింది. ఇంకేమీ వినదలచుకోలేదు మరి.

ఆదివారం పొద్దున్న దమయంతి కాలనీ వాళ్ళందర్నీ కిందకి దింపి, ఇళ్ళ ముందు నిలబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. నాలుగో బ్లాకు నూకరత్నం చంకలో పిల్లని పక్కావిడకి అందించింది. ఆ పిల్లకి మాటలొచ్చి మొదట అడిగింది గంజి.

"ఏం ఎక్కించాలండి ఇంజినీరమ్మగారూ?"

"బరువున్నవన్నీ."

ఇక చూడాలి ఆ కాలనీని. రుబ్బురోళ్ళు దొర్లించుకుంటూ మెట్లెక్కించారు. తిరగళ్ళు, ఇనపమంచాలు, కుట్టుమిషన్లు, బీరువాలు ఎక్కాయి. ఆడవాళ్ళు వరసకట్టి చేతులు మార్చుకుంటూ బిందెలతో నీళ్ళు పంపారు. మగవాళ్ళు కాలవ గట్టు ఇసుక బస్తాలకెత్తారు. ఎవరో బడ్డీకొట్టు సోడా పెట్టెలతో సహా పైకి చేర్చారు. ఒక ముసలాయన తన దగ్గర బరువైనదేదీ లేదని చిన్నబుచ్చుకుని, రోడ్డు పక్క మైలురాయి పెకలించి తెచ్చాడు. ఆ ఇళ్ళకి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మనుషులు అంత ఉత్సాహంగా ఏ పనీ చేయలేదు.

ముందు గోడలు భయపెట్టాయి. మూలమూలలా పొడి రాలింది, ఒక కిటికీ చట్రం వంకరపోయింది. సత్తిరాజు చెవి ఆనించి వింటున్నాడు.

"తాగుతున్నాయండీ!" అని ఉన్నట్టుండి కేకేశాడు.

అందరికీ వినబడింది. బ్లాకులన్నీ గుటకలు వేస్తున్నాయి. బూడిదరంగు గోడలు కళ్ళముందే తెల్లబడి, నునుపు తేలుతున్నాయి. పగుళ్ళు పెదవులు మూసుకున్నట్టు మూసుకుంటున్నాయి. నూకరత్నం గోడ మీద చెయ్యేసి, "తాగవే, తాగు. ఇన్నాళ్ళూ మా పిల్లల్ది తాగావు, ఇప్పుడు ఆడిది తాగు" అంది.

దమయంతి ఫోను మోగింది. సన్యాసిరావు. వంటావిణ్ణి తీసుకుని తెల్లారుతూనే గేటు బయటికి పొమ్మని దమయంతే చెప్పింది. అయ్యగారి మాట మాత్రం ఎత్తొద్దంది.

"అమ్మా, కొలను గట్టు నెర్రిచ్చినాది. గోడల్లోంచి పిండి రాలతంది."

"ఆయనెక్కడున్నాడు?"

"లోపలే. టిఫిను సేస్తన్నారు." గొంతు తగ్గించాడు. "పిలవమంటారా అమ్మా?"

"వద్దు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఒళ్ళంతా తేలికైపోయింది. హైమ పోయాక మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. "ఇంకా ఎక్కించండి!" అని బ్లాకుల మీదకి అరిచింది.

ఫోను మళ్ళీ మోగింది. సన్యాసిరావే అనుకుని ఎత్తింది. కాదు. దేవరలంక పురపాలక గృహ విభాగం ఇంజినీరు ఫిరోజ్. ఆ ఊరిదీ ఇదే కథ, అదే రేకుల గది, డ్రమ్ములు రాని అవే గోడలు.

"మేడం, మా గోడలు పిండైపోతున్నాయి. అన్నీ ఒక్కసారే. మీ తోడుతో అతికించినవే మేడం. ఏం చెయ్యమంటారు?"

దమయంతి తల తిప్పి సత్తిరాజు వంక చూసింది.

"దేవరలంకకి తోడిచ్చావా?"

"ఆళ్ళ మేస్త్రి వచ్చి అడిగాడండి, మొన్న శివరాత్రెళ్ళాక. దీపాలెట్టాక అయితే ఇవ్వనండి, పొద్దున్నే వచ్చాడు." సత్తిరాజుకి ఇంకా సంగతి తెలియలేదు. "తోడడిగితే లేదంటామా అమ్మగారండి?"

దేవరలంకవి ఒంటిగది రేకుల ఇళ్ళు. పైన పిల్లి నడిచినా వంగే కప్పులు. మేడ ఎంత బీటిచ్చినా దాని మీద ఇంకా చెరువంత నీళ్ళున్నాయి. అన్నిటికంటే తేలికైన గోడలు త్రివిక్రమరావువి కావు. ఎప్పుడూ కావు.

"మేడం? ఉన్నారా? మేడం?"

ఆవిడ పలకలేదు. ఇంకొంచెం చాలు, మేడ దిగిపోతుంది. అతను ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు. ఇంకొంచెం. ఫిరోజ్ గొంతు చెవిలో పిలుస్తూనే ఉంది, ఆవిడ కళ్ళకి మాత్రం కొలను గట్టే కనబడుతోంది. పొద్దుటే కాలనీకి వచ్చి పక్కనే నిలబడ్డ సుభద్ర గారు చెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపారు.

"అందర్నీ బయటికి తీసుకురండి!" అని అప్పుడు అరిచింది ఫోనులోకి. "సామాన్లొద్దు, మనుషుల్ని! పరిగెత్తండి!" తర్వాత బ్లాకుల వైపు తిరిగి, "దింపండి! దింపెయ్యండి! నీళ్ళు పారబొయ్యండి!"

పైనున్న వాళ్ళకి ముందు అర్థం కాలేదు. ఇప్పుడేగా ఎక్కించమంది? నూకరత్నమైతే రోలు మీద కూర్చుని కదలనంది. ఆమెకి చెప్పి, లేపి, బస్తాలు కోసి, బిందెలు బోర్లించేసరికి చాలా ఆలస్యమైంది. రోలు ఎక్కించినంత సులువుగా దిగదు. ఈలోగానే సన్యాసిరావు ఫోను వచ్చింది. కొలను రెండుగా చీలి, నీళ్ళు మూడంతస్తులూ దిగి, మేడ మధ్యకి విరిగి కూర్చుంది.

"ఆయనో?"

"గేటు దగ్గరున్నారమ్మా. నీల్ల సప్పుడయినప్పుడే బయటికొచ్చేసినారు. ఒల్లంతా తడిసినాది, అంతే. ఎవలికో ఫోన్లు సేస్తన్నారు."

మధ్యాహ్నానికల్లా త్రివిక్రమరావుకి ప్రభుత్వం వారి అతిథిగృహం ఇచ్చారు. టీవీలో చూపించారు. కొత్త దుస్తుల్లో ఉన్నాడు. మేడ స్థలంలో సిమెంటుతో కట్టుకుంటాడట, ఈ పనికిమాలిన సున్నం జోలికిక పోడట. ఒకరోజు కాస్త ఇబ్బంది పడ్డ మనిషి ముఖం అతనిది. దమయంతి ఆ ముఖంలో భయం కోసం వెతికింది. లేదు. అలాంటి వాళ్ళకి ఒక ఇల్లు పోతే ఇంకో ఇల్లు కాచుక్కూచుంటుందని ఆవిడకి ముందే తెలియాల్సింది.

సాయంత్రం కాలనీలో అన్నాలు వార్చారు. గోడలు నిండుగా, చల్లగా, తెల్లగా ఉన్నాయి. గుడ్డతో తడిపితే గంజి కిందకి జారిపోయింది, గోడలు తాగలేదు. పిల్లలు గిన్నెలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని గంజి మొత్తం వాళ్ళే తాగారు. నూకరత్నం దమయంతికీ ఒక గ్లాసు తెచ్చిచ్చింది. ఆవిడ దాన్ని పెదవుల దాకా తీసుకెళ్ళింది. అప్పుడు ఫిరోజ్ ఫోను చేశాడు.

"అందరూ వచ్చేశారు మేడం. కాలవ వైపు చివరి ఇల్లొకటి... కుమారి అని. కాలేజీలో చదువుతోంది. తలుపు కొడదామని చెయ్యెత్తాను మేడం, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, ఇల్లు కూలిపోయింది. మీరు ఫోనులో వెంటనే పలికి ఉంటే ఆ తలుపు కొట్టేవాణ్ణి."

దమయంతి గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అక్క. ఆవిడ రొయ్యల షెడ్డులో పనికెళ్ళింది. ఆవిడే పెంచిందట ఆ పిల్లని. ఇక్కడే ఉంది మేడం, నా ఎదురుగా. ఏడవట్లేదు. ఎవరు చేశారు అని అడుగుతోంది. పొద్దుట్నించీ అదొక్క మాటే. పైవాళ్ళు ఫోను చేసి, నిర్వహణ లోపమని రాసెయ్యమన్నారు. అలాగే చెప్పెయ్యనా? మీకూ ఇబ్బంది ఉండదు."

మెట్ల మీద పిల్లలు ఖాళీ గిన్నెలు వేళ్ళతో తుడిచి నాకుతున్నారు. ఆవిడకి ఆ అక్క ముఖం చూడకుండానే తెలుసు. తిన్న ముద్ద దిగాలంటే ఆ అక్క ఇప్పట్నించీ ఏ మాట అనుకోవాలో కూడా తెలుసు. ఆ మాటలో తన పేరుకి బదులు ఇంకెవరి పేరో ఉంటే ఆ అక్కకి ముద్ద ఎప్పటికీ దిగదు.

"వద్దు ఫిరోజ్ గారూ. నా పేరు చెప్పండి."

"మేడం..."

"కోరంకిపేట బస్టాండులో దిగి దమయంతి ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారని చెప్పండి. రేపు నేను ఇంట్లోనే ఉంటానని చెప్పండి."